రెండో కాన్పుకు ఐదు నిమిషాల లెక్క

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, రుద్రారం వైపు ఉన్న ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో నేను ఇరవై ఆరేళ్లు ఫస్ట్ ఎయిడ్ అటెండెంటుగా పనిచేశాను. ఇప్పుడు రాస్తున్నది నా రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, నేను జనరల్ షిఫ్టులో ఉన్న ఒక రోజు సంగతి.

కాగితం మీద నా హోదా అటెండెంటు. కార్మికులకు కాంపౌండర్ కాకాను. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లకు డాక్టర్ సారును. డాక్టరును కాదని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఏడో తరగతిలో నా బడి ఆగిపోయింది. వారానికి రెండుసార్లు ఫ్యాక్టరీకి వచ్చే డాక్టరుగారి పాత పుస్తకాలు అడిగి తీసుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీ రెండు రోజులు చదివాను. ప్రథమ చికిత్స పరీక్ష మూడోసారికి గట్టెక్కాను. నేను చదివింది చదివినట్టు నమ్మేవాణ్ని. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఆ రోజు జరిగిన తప్పులో పెద్ద వాటా ఆ నమ్మకానిదే.

నా గదిలో రెండు మంచాలు, ఆక్సిజన్ సిలిండరు, కళ్లు కడిగే నీళ్ల ఏర్పాటు, యాసిడ్ పడితే కప్పే స్టెరైల్ బర్న్ షీట్లు ఉండేవి. బయట అంబులెన్స్ వ్యాను. దాని డ్రైవరు ఖాజా. ఆ వ్యానుకు ఒక నియమం ఉంది. రియాక్టరులోకి ప్రమాదకరమైన రసాయనం కొద్దికొద్దిగా వదులుతున్నంత సేపూ వ్యాను గేటు వైపు ముఖం పెట్టి, తాళంచెవి దానికే ఉండి, కదలకుండా నిలబడాలి. ఆ పనిని మేము చార్జింగ్ అంటాం. అది నడుస్తుండగా వ్యాను బయటికి పోవాలంటే షిఫ్ట్ ఇన్‌ఛార్జి సంతకం కావాలి. సంతకం ఎవరూ చేయరు. మంచి నియమమే. లోపల రెండు వందల మంది ఉంటారు, ఏదైనా పేలితే కాలినవాణ్ని ఆటోలో వేసుకుపోలేం కదా.

ఆ రోజు ఉదయం టీ విరామంలో బాల్‌రాజు నా గదికి వచ్చాడు. రియాక్టర్ ఆపరేటరు, మెతక మనిషి, ముప్ఫై ఏళ్లుంటాయి.

"కాకా, మా ఆమె పొద్దుగాల నుంచి నొప్పులు తీస్తున్నది. మా అమ్మ జెర ఆగుదామంటున్నది. నువ్వొక్కసారి పోయి సూసి రారాదు?"

"నువ్వు పోరాదురా?"

"రెండింటి దాక రిలీవర్ రాడు. చార్జింగ్ పెట్టేది నేనే."

వాళ్ల ఊరు ఫ్యాక్టరీకి పది నిమిషాల దూరం. స్కూటరు మీద పోయాను. రెండు గదుల ఇల్లు. గుమ్మంలో బాల్‌రాజు తల్లి నర్సమ్మ కూర్చుని ఉంది. కోడలు స్వరూప లోపలి గదిలో, చీర కట్టిన తెర వెనక. నేను గడప దాటలేదు. కాన్పు గదిలోకి మగవాడు పోడు, నేనూ అట్లాగే పెరిగినవాణ్ని. గడపలో నిలబడి ప్రశ్నలు వేశాను. జవాబులన్నీ నర్సమ్మే చెప్పింది.

నొప్పులు ఎంతసేపటికి వస్తున్నాయి అని అడిగాను. "పావుగంటకొకటి సారు. ఇప్పుడప్పుడే ఏం కాదు." ఉమ్మనీరు పోయిందా? లేదు. రక్తం కనబడిందా? లేదు. బిడ్డ కదులుతున్నదా? "కదలకేం, తంతున్నది." ఎన్నో కాన్పు? "రెండోది. మొదటిది వాళ్ల తల్లిగారింట్ల అయింది, నారాయణఖేడ్ దిక్కు. ఆడపిల్ల."

మా దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో, రెండోది అత్తగారింట్లో. ఇది అందరికీ తెలిసిందే. తెలిసింది కాబట్టే అందులో ఉన్న చిక్కు నాకు తట్టలేదు. తొలి కాన్పు ఎట్లా జరిగిందో కళ్లతో చూసిన తల్లి నారాయణఖేడ్ దగ్గర ఉంది. రెండో కాన్పుకు ఎప్పుడు బయలుదేరాలో నిర్ణయించే అత్త తొలి కాన్పు రోజు అక్కడ లేదు.

నర్సమ్మకు ముగ్గురు పిల్లలు. "ఒక్కొక్కడికి ఒక దినం, ఒక రాత్రి నొప్పులు తీసిన సారు. గీ కాలం పోరగాండ్లు గంటకే ఆగమైతరు," అంది. ఇంకో సంగతి కూడా చెప్పింది. వారం కింద నొప్పులు వచ్చినట్టు అనిపిస్తే కోడల్ని ఒక ఆసుపత్రికి తీసుకుపోయిందట. పేరు నేను రాయను. అక్కడ లైన్లో నలుగురి ముందు ఒకామె, "ఏమ్మా, నీకేం పనిలేదా? నొప్పులు లేకుండనే తోల్కొస్తవ్, వయసొచ్చింది, సోయి లేదా?" అని కసిరి పంపిందట. చెబుతుంటే నర్సమ్మ ముఖం ఇంకా కందిపోయే ఉంది.

ఇక్కడ నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నొప్పులు అసలైనవా కావా అని ఇంట్లో కూర్చుని తేల్చగలిగితే ఇక ఆసుపత్రి ఎందుకు? చూసి, చెప్పి, నెమ్మదిగా పంపడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ఒక్క కసురు ఎన్ని ఇళ్లలో ఎందర్ని గడప దాటకుండా ఆపుతుందో కసిరిన మనిషికి తెలియదు.

కానీ ఆ రోజు ఆపింది ఆ కసురు ఒక్కటే కాదు. నేను కూడా. నా పుస్తకంలో ఉన్న లెక్క గుర్తు తెచ్చుకుని, పెద్దమనిషి తరహాలో చెప్పాను. ఒక నొప్పి మొదలు నుంచి ఇంకో నొప్పి మొదలు దాకా ఐదు నిమిషాలు, ఒక్కోటి నిమిషం పాటు ఉండాలి, గంటసేపు అట్లాగే రావాలి. అప్పుడు బయలుదేరండి అన్నాను. నర్సమ్మ ముఖం తేటపడింది. "నేను సెప్తలేనా! డాక్టర్ సారు గూడ అదే అంటుండు," అని లోపలికి వినబడేట్టు అంది.

తెర వెనక నుంచి ఒక మూలుగు వినబడింది. మాట కాదు. నేను స్కూటరు ఎక్కాను.

ఆ లెక్క తొలి కాన్పుకు రాసింది. అదే పేజీ కింద చిన్న అక్షరాల్లో, రెండోసారి కనేవాళ్లు ఇంతదాకా ఆగకూడదని ఉంది. సాయంత్రం ఇంటికి పోయి చూసుకున్నాను. ఉంది.

ఒంటిగంటకు ముందు బాల్‌రాజు అమ్మ ఫోను వచ్చింది, నా గది నంబరుకు. గొంతు గుర్తుపట్టలేకపోయాను. "సారు, నీళ్లు పోయినయ్. నొప్పి ఇడుస్తలేదు. ఒకదాని మీద ఒకటి వస్తున్నయ్. ఏం జెయ్యాలె సారు?"

సర్కారు అంబులెన్సుకు ఫోన్ చేశాను. దగ్గరి వాహనం వేరే కేసును దించి రావాలి, వస్తుంది అన్నారు. వాళ్లు ఉన్నమాట చెప్పారు. ఊళ్లో ఆటోలు ఆ వేళకు కాలేజీ పిల్లలను ఎక్కించుకుని రోడ్డు మీద ఉంటాయి. మిగిలింది మా వ్యాను. అది గేటు వైపు ముఖం పెట్టి నిలబడి ఉంది. చార్జింగ్ నడుస్తోంది.

ఇన్‌ఛార్జి దగ్గరికి పరిగెత్తాను. ఆయన చెడ్డవాడు కాడు, భయస్తుడు. నలభై నిమిషాల్లో చార్జింగ్ అయిపోతుంది, అప్పుడు పోండి అన్నాడు. అంతసేపు లేదన్నాను. "ఇక్కడ ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలి? మీరా?" అన్నాడు.  ఇరవై ఏళ్లకు పైగా ఆ నియమాన్ని కొత్తవాళ్లకు నేర్పింది నేనే. ఒక వైపు ఒక్క ఆడమనిషి, ఇంకో వైపు రెండు వందల మంది. 

బాల్‌రాజు కంట్రోల్ ప్యానెల్ ముందు నిలబడి మా మాటలు వింటున్నాడు.  చెయ్యి చాపి వాల్వు మూసేశాడు.

"హోల్డ్‌ల పెట్టిన సారు," అన్నాడు. "చార్జింగ్ లేదు. ఇగ వ్యాన్ పోవచ్చు."

హోల్డ్ అంటే రసాయనం వదలడం ఆపి, కలుపుతూ, చల్లబరుస్తూ బ్యాచిని అట్లాగే నిలపడం. ప్రమాదం తగ్గుతుంది కానీ సరుకు పాడైపోవచ్చు. ఇన్‌ఛార్జి చెప్పకుండా ఆపరేటరు అట్లా ఆపకూడదు. ఇన్‌ఛార్జి ముఖం తెల్లబోయింది. "నీకు పిచ్చి లేసిందారా?" అని అరిచాడు. బాల్‌రాజు కదలలేదు. చూపు ఉష్ణోగ్రత ముల్లు మీదే ఉంది.

"నువ్వు రా," అన్నాను.

"ఎట్ల వస్త కాకా? వేడి దిగేదాక నేను ముల్లు సూడాలె. నువ్వు పో. జల్దీ పో."

ఇన్‌ఛార్జి కాగితం మీద సంతకం గీకి నా మీదికి విసిరాడు.

ఖాజా ఎంత వేగంగా తోలాడో నాకు తెలియదు. ఇంటి ముందు ఆగేసరికి నర్సమ్మ కోడలి చంకల కింద చేతులు వేసి గుమ్మం దాకా తెచ్చింది. స్వరూపను నేను అప్పుడే మొదటిసారి చూశాను. బక్కపలుచని పిల్ల. పెదవి కొరుక్కుని నెత్తురు వచ్చింది. వ్యానులో పడుకోబెట్టాక నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ చేతికి గుర్తుంది.

"మొదటి పిల్ల గూడ గిట్లనే వచ్చింది కాకా," అంది రొప్పుతూ. "పావుగంట పావుగంట అనుకుంటనే వచ్చేసింది. ఆటో దిగంగనే అయింది. మా అమ్మకెరుక."

"మరి పొద్దుగాల చెప్పవైతివి బిడ్డా!"

"నన్నెవరు అడిగిండ్రు?"

నర్సమ్మ తల దించుకుంది. నేను కిటికీ వైపు చూశాను.

ఆసుపత్రికి పోయే దారిలో, కంది ఊరు రాకముందే, రోడ్డు పనుల దగ్గర లారీలు బారుగా నిలిచిపోయి ఉన్నాయి. ఖాజా సైరన్ మోగిస్తూనే ఉన్నాడు, పక్కకు జరగడానికి లారీలకు చోటే లేదు. "సాబ్, ఎట్ల జేద్దాం?" అన్నాడు. అప్పుడే స్వరూప పెద్దగా అరిచింది. తల కనబడింది.

ఆ వ్యానులో యాసిడ్‌కు మందు, బర్న్ షీట్లు ఉన్నాయి, విషవాయువుకు మాస్కు ఉంది, విరిగిన ఎముకకు బద్ద ఉంది. పుట్టే బిడ్డకు ఏమీ లేదు. ఖాజాను వ్యాను పక్కకు ఆపి వెనక తలుపు దగ్గర అటు తిరిగి నిలబడమన్నాను. గ్లౌజులు తొడుక్కున్నాను. పుస్తకంలో చదివిందే తప్ప నా చేతులతో ఎన్నడూ చేయలేదు. లాగకూడదు, తోయకూడదు, రాబోయేదాన్ని పట్టుకోవాలి, అంతే. నర్సమ్మ కోడలి తలను ఒళ్లో పెట్టుకుని, "నా తల్లీ, నా బంగారం, తప్పు నాదే," అంటూ ఏడుస్తోంది. "ఏడుపు తర్వాత ఏడుద్దువు, ఆమె భుజాలు పట్టుకో," అని కసిరాను. కసిరినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను, కాని ఆమె ఏడుపు ఆపింది.

మగపిల్లవాడు. బొడ్డుపేగు మెడకు ఒక చుట్టు ఉంది. వదులుగానే ఉంది, వేలుతో తల మీదుగా తీశాను. ఏడవలేదు. ఒళ్లంతా నీలం. బర్న్ షీటు చించి, దాంతో తుడిచాను, వీపు రుద్దాను, అరికాళ్లు తట్టాను. నర్సమ్మ "ఏంది సారు, ఏడుస్తలేడేంది?" అంటోంది. స్వరూప నా ముఖాన్నే చూస్తోంది. ఎన్ని క్షణాలో చెప్పలేను. లెక్కలు చెప్పేవాణ్ని, అప్పుడు గడియారం చూడలేదు.

పిల్లికూన కూతలా సన్నగా ఒక శబ్దం వచ్చింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఏడుపు.

పేగు కోయలేదు. కోయడానికి శుభ్రమైనదేదీ లేదు, కోయాల్సిన తొందరా లేదు. బిడ్డను తల్లి రొమ్ము మీద బోర్లా పెట్టి ఇద్దరినీ కలిపి ఇంకో షీటుతో కప్పాను. మాయ ఇంకా పడలేదు. నెత్తురు పోతోంది. అసలు భయం అప్పుడు మొదలైంది. బిడ్డ ఏడ్చాడు కదా అని అందరూ ఊపిరి పీల్చుకునే వేళ తల్లులు చల్లబడిపోతారని చదివాను. ఖాజా లారీల వాళ్లను దిగి బతిమాలాడో తిట్టాడో, మట్టి రోడ్డు మీదుగా ఒక సందు చేసుకున్నాడు. ఆసుపత్రి చేరేదాకా ఆమె నాడి మీద నుంచి వేలు తీయలేదు. "బిడ్డా, మాట్లాడు, నిద్ర పోవద్దు," అంటూనే ఉన్నాను. "పోతలేను కాకా," అంటూనే ఉంది, ప్రతిసారీ ఇంకొంచెం సన్నగా.

అక్కడి నర్సులు పరిగెత్తుకుంటూ వచ్చి తీసుకున్నారు. ఒక్క మాట కసరలేదు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఐదో రోజు ఇంటికి పంపారు, ఇద్దరినీ.

బాల్‌రాజుకు నేను ఫోన్ చేసేసరికి అతను ఇంకా ప్యానెల్ ముందే ఉన్నాడు. బ్యాచి వేడి దిగింది, రిలీవరు వచ్చాడు, అయినా అతను ముల్లు చూస్తూనే ఉన్నాడట. ఆ వారమే అతనికి మెమో ఇచ్చారు, అనుమతి లేకుండా హోల్డ్ పెట్టినందుకు. జవాబు నేనే రాశాను, నిఘంటువు చూసి, ఇంగ్లీషులో. మనిషి ప్రాణానికి నిలిపిన బ్యాచి గురించి ఫ్యాక్టరీ సంజాయిషీ అడగడం ఏం న్యాయమో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. ఉదయం గడపలో నిలబడి ఆగమని చెప్పిన నాకు మాత్రం ఏ మెమో రాలేదు.

ఆ తర్వాత ఉద్యోగం వదిలేదాకా కాన్పు కబురు వచ్చిన ప్రతిసారీ గడప దాటి లోపలికి పోయాను. ఇంటివాళ్లు ముఖం ముడుచుకున్నా పోయాను. మొదటి ప్రశ్న పడుకున్న మనిషినే అడిగాను, అత్త జవాబిస్తే ఆగి మళ్లీ ఆమెనే అడిగాను. పోయినసారి ఎట్లా అయింది, ఎంతసేపట్లో అయింది అని. రెండో కాన్పు అయితే, మధ్యలో హైవే ఉంటే, నిమిషాలు లెక్కపెట్టవద్దన్నాను. నొప్పులు ఒక వరుసలో పడ్డాయంటే బయలుదేరమన్నాను. ఉమ్మనీరు పోయినా, నెత్తురు కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా అసలు ఏ లెక్కా లేదు, వెంటనే పోవాలి.

తొందరపడి వచ్చారని కసిరించుకుని, మొహం చిన్నబుచ్చుకుని ఇంటికి తిరిగి వచ్చిన ఆడవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లంతా ప్రాణాలతో తిరిగి వచ్చారు.