కొండ వండిన అన్నం

మా యాత్ర వాట్సాప్ గ్రూపులో రోజూ తెల్లవారుతూనే పువ్వుల బొమ్మలు, శుభోదయాలు వస్తుంటాయి. పోయిన మంగళవారం వాటి మధ్య ఒక చిన్న వాక్యం కనిపించింది. “మన వంట బాబాయిగారు ఇందాకే పోయారండి. గుండెపోటు.” దాని కిందే ఎవరో పెట్టిన చామంతి బొమ్మ. చూసి పెట్టారో, చూడక పెట్టారో తెలియదు. బందరులో మా ఇంటి మెట్ల మీద చెప్పులు వేసుకోబోయి అలాగే కూర్చుండిపోయాను. ఆ రోజు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళాను.

ఆయన గుడివాడ నుంచి ఉత్తరాది యాత్రలకి వెళ్ళే బస్సుల్లో వంట చేసేవారు. బస్సెక్కిన రెండో రోజుకి అందరికీ బాబాయి అయిపోయేవారు. సన్నటి మనిషి, భుజాన ఎప్పుడూ ఒక తువ్వాలు. వండేటప్పుడు రుచి చూసేవారు కాదు. మూత తీసి, ఆవిరి మొహానికి తగలనిచ్చి, కళ్ళు మూసుకుని “ఉప్పు సరిపోయిందండీ” అనేవారు. ఒక్కసారి మాత్రం చారులో తప్పింది. ఆ పూటంతా ఎవరి మొహమూ చూడలేదు.

మాది బల్లపరుపు నేల. మాకు ఎత్తంటే కరకట్టే. నాన్న పోయాక అమ్మకి ఒకటే కోరిక పట్టుకుంది. “బెజవాడ కొండ కాదే, మంచున్న కొండ చూడాలి.” అలా ఇద్దరం హిమాచల్ యాత్రకి బయల్దేరాం. అమ్మకి ఆచారం ఎక్కువ. దారిలో ఎక్కడా ఏమీ ముట్టలేదు, బాబాయి వండింది తప్ప.

మణికరణ్ అనే కొండ ఊరికి పెద్ద బస్సు వెళ్ళదన్నారు. బాబాయితో సహా అందరం జీపుల్లో ఎక్కాం. వంట సామాను వేసుకున్న వ్యాను వెనక వస్తోంది. మేము ఊరు చేరిన కాసేపటికి వెనక కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయిందని తెలిసింది. వ్యాను అవతలే ఉండిపోయింది. పొయ్యి లేదు, గిన్నెల్లేవు. ముప్పై మందిమి, సన్నటి వాన, ఎక్కడ చూసినా తెల్లటి ఆవిరి.

ఆ ఊరిని ఇప్పటికీ సరిగ్గా గుర్తుచేసుకోలేను. కలలో చూసిన ఊరిలా ఒక్కో ముక్కే కనిపిస్తుంది. లోయలో మంచునీళ్ళ నది అరుస్తూ పోతోంది. దాని ఒడ్డునే భూమిలోంచి మరిగే నీళ్ళు పొంగుతున్నాయి. శివాలయం, రామాలయం, గురుద్వారా, అన్నీ ఆ ఆవిరిలోనే ఒకదాని పక్కన ఒకటి. కీర్తన ఎటునుంచి వస్తోందో, గంట ఎటునుంచి మోగుతోందో తెలియదు.

గురుద్వారాలో వచ్చినవాళ్ళందరికీ భోజనం పెడతారు. దాన్ని లంగర్ అంటారు. మావాళ్ళంతా తలల మీద గుడ్డలు కప్పుకుని వెళ్ళి తినొచ్చారు. అమ్మ కదల్లేదు. “ఎవరు వండారో ఏంటో. నాకొద్దు” అంది. షుగర్ మాత్ర పొద్దునే వేసుకుంది, కడుపులో ఏమీ లేదు. మధ్యాహ్నం దాటేసరికి చేతులు వణకడం మొదలైంది. నుదుటి మీద చెమటలు. అక్కడి సిక్కు అమ్మాయి ఒకామె తీపి టీ తెచ్చిచ్చినా పక్కకి పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది.

బాబాయి వచ్చి అమ్మని ఒక్క చూపు చూసి, తన చేతిసంచిలోంచి బెల్లం ముక్క తీశారు. “ముందిది నోట్లో వేసుకోండమ్మా. నువ్వు కంగారుపడమాకమ్మాయ్, ఇప్పుడే వస్తా” అని వెళ్ళిపోయారు. ఆ సంచిలో ఎప్పుడూ కాసిని బియ్యం, గోంగూర పచ్చడి సీసా ఉంటాయి. కాసేపటికి నేను వెతుక్కుంటూ వెళ్తే, మరిగే గుండం దగ్గర తెల్లగడ్డం సిక్కు పెద్దాయన పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. బియ్యం గుడ్డలో మూటకట్టి, తాడుతో ఆ నీళ్ళలోకి దించారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ ఆ తాడు వంకే చూస్తున్నారు.

మూట విప్పితే మల్లెపూలలా అన్నం. బాబాయి రెండు మెతుకులు నోట్లో వేసుకున్నారు. ఆయన రుచి చూడటం నేను మొదటిసారి చూశాను.

“నిప్పే లేదు,” అన్నారు, నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు. “ఇన్నేళ్ళూ నేనే వండుతున్నాననుకున్నా.”

అమ్మ ముందు ఆకుదొన్నె పెట్టారు. “ఇది నేనూ వండలేదమ్మా. ఎవరూ వండలేదు. కొండే వండింది. తినండి.”

అమ్మ చాలాసేపు దాన్ని చూసింది. తర్వాత గోంగూర కలుపుకుని, మొదటి ముద్ద కళ్ళకద్దుకుని తింది. మొత్తం తింది. చేతుల వణుకు తగ్గేదాకా బాబాయి అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆయన తినలేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు. లంగర్‌కి తీసుకెళ్ళాను. బాబాయి అలవాటుగా వడ్డించే బకెట్ కోసం చేయి చాపారు. ఇందాకటి పెద్దాయన నవ్వి, ఆయన్ని భుజాలు పట్టి చాప మీద కూర్చోబెట్టారు. పళ్ళెంలో పప్పు పోశారు. రెండు చేతులూ చాచితే వాటిలో రొట్టె పెట్టారు. ఆ రొట్టె పట్టుకుని ఆయన అలాగే ఉండిపోయారు.

“నాకు పదేళ్ళప్పుడు దివిసీమ ఉప్పెన,” అన్నారు మెల్లగా. “మా ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలా. ఎవరో ముక్కూమొహం తెలీనోళ్ళు ఇట్టాగే వరసలో కూర్చోబెట్టి అన్నం పెట్టారు. అందుకే వంటలోకొచ్చా. ఆ తరవాత నన్ను కూర్చోమన్నోళ్ళు లేరమ్మాయ్.”

తలకి కట్టిన తువ్వాలు కొసతో కళ్ళు తుడుచుకుని తిన్నారు. బయటికి వచ్చాక కాస్త తేలికపడ్డట్టున్నారు. “మన రేవులో లంగరేస్తే పడవ ఆగుద్ది. ఇక్కడ మనుషులు ఆగుతున్నారు” అని నవ్వారు.

మర్నాడు కూడా దారి తెరవలేదు. అమ్మ ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్ళింది. వెళ్ళి చూస్తే లంగర్ వంటింట్లో ఆ టీ ఇచ్చిన అమ్మాయి పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది, తెలుగులో ఏదో చెబుతోంది. ఆ పిల్ల ఊ కొడుతోంది. మధ్యాహ్నం అమ్మ వరసలోనే కూర్చుని రొట్టె తింది. 

బాబాయిని ఆఖరిసారి చూసింది పాలకాయతిప్పలో, ఆయన పోవడానికి కొన్ని వారాల ముందు, ఈ కార్తీకంలో. మా ఆఫీసువాళ్ళ వనభోజనాలకి ఆయనే వంట. పని ముగించి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి నడిచారు. నది ఎక్కడ అయిపోయిందో, సముద్రం ఎక్కడ మొదలైందో కనపడనంత పొగమంచు. “బాబాయ్, వడ్డిస్తున్నాం రండీ” అని పిలిచాం. ఆయన వినలేదు. పిక్కల లోతు నీళ్ళలో, చేతులు రెండూ కాస్త ఎడంగా పెట్టుకుని, అటే నెమ్మదిగా నడుస్తున్నారు. ఆ తెల్లదనంలో ముందు ఆయన కాళ్ళు కనపడలేదు, తర్వాత చొక్కా. చాలాసేపు నీళ్ళ చప్పుడు మాత్రం వినిపించింది.