ముందు పెట్టెయ్యని మనిషి

ఆత్మహత్యల నివారణ కేంద్రంలో ఆవిడను అందరూ పెద్దక్క అంటారు. మెడ పట్టేసినా సరే, అవతలివాళ్ళు పెట్టేదాకా తాను రిసీవరు పెట్టదు. పూర్వం ఫోన్ల కంపెనీలో ఫిర్యాదులు వినేది. కాల్‌కి మూడే నిమిషాలు. ఒకసారి అలవాటుగా “ఇంకేమైనా సాయం కావాలాండీ?” అంటే ఒకాయన “కావాలమ్మా, కానీ...” అని నసిగాడు. టైమైపోయిందని కట్ చేసింది. ఆయన చివరి కాల్ అదేనని మర్నాడు పోలీసులొచ్చి రికార్డింగు వినిపించారు. ఆ గొంతు నిద్ర పట్టనివ్వకే కౌన్సెలింగు చదివి ఇక్కడికొచ్చింది.

ఇవాళ ఒకమ్మాయి ఏడుస్తూ ఏడుస్తూ ఆగిపోయింది. “ఉన్నానమ్మా, చెప్పు,” అంటూనే ఉంది పెద్దక్క.

“లైను ఎప్పుడో పోయింది పెద్దక్కా,” అంది పక్క కుర్చీ ఆవిడ. “మీరు పెట్టకపోతే, ఆ పిల్ల మళ్ళీ చేసినా బిజీ అనే వస్తుంది.”

పెద్దక్క మొదటిసారి తనే ముందు పెట్టేసింది. పెట్టినా చెయ్యి తియ్యలేదు. ఫోను మోగలేదు.