బావ ఆఖరి డ్యూటీకి నా పాత కారు

మా బావ ఆఖరి డ్యూటీ దిగే రోజున, గని గేటు నుంచి ఇంటికి నా పాత కారులో తీసుకొస్తానని మాటిచ్చాను. గోదావరిఖనిలో రిటైరైన కార్మికుణ్ణి ఊరికే ఇంటికి పంపరు. దండలు వేసి, డప్పులు కొట్టించి, దారంతా చిందులేస్తూ తీసుకొస్తారు. ఎందరి ముందో అలా ఆడిన బావ, తన వంతు కోసం ఎంతగా ఎదురుచూస్తున్నాడో అక్క ఫోన్‌లో చెబుతూనే ఉంది.

పదకొండింటికి కరీంనగర్‌లో బయలుదేరాను. పెద్దపల్లి స్టేషన్ దగ్గర పూరీ తిని, టీ తాగాను. మొదటి షిఫ్టు దిగేసరికి మూడవుతుంది కాబట్టి తొందరేమీ లేదు. ఊరు దాటాక, ఇంజను వేగం చూపే టాకోమీటరు ముల్లు ఎగరడం మొదలుపెట్టింది. ఒకసారి సున్నాకు పడుతుంది, ఒకసారి చివరికంటా లేస్తుంది. ఇంజను మాత్రం హాయిగా నడుస్తోంది. బుద్ధి ఉన్నవాడైతే పట్టించుకోకుండా వెళ్ళిపోతాడు. నాకేమో, గేటు దగ్గర జనం లోపలికి తొంగిచూస్తే అన్నీ సరిగ్గా కనబడాలని యావ.

బసంత్‌నగర్‌లో సిమెంటు లారీల వెనక ఆపి, డాష్‌బోర్డు కింద తల దూర్చాను. మీటరు తీగలు ఊడదీసి, గీకి, మళ్ళీ బిగించాను. తాళం తిప్పితే ఈసారి ఇంజనే లేవలేదు.

"నడిచే బండిని ఎందుకు ఇప్పినవే అన్నా?" అని ఒక లారీ డ్రైవరు నవ్వాడు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

అలా తీగలతో కుస్తీ పడుతుండగానే మూడు దాటింది. అక్క ఫోన్ చేసింది.

"యాడున్నవ్ తమ్మీ? బావ గేటు కాడికి వచ్చిండట. డప్పులోళ్ళు జల్ది చెయ్యమంటున్నరట."

"బసంత్‌నగర్ ఎప్పుడో దాటిన అక్కా. వచ్చేసిన."

ఇంట్లో స్నానానికి లేవకముందే దారిలో ఉన్నామని చెప్పడం మా అందరికీ అలవాటే. ఆ నోటితోనే అనేశాను.

చివరికి తప్పు దొరికింది. ఇగ్నిషన్ కాయిల్ నుంచి మీటరుకు వచ్చే తీగ వదులై ముల్లు ఎగిరింది. నేను గీకి బోడి చేసిన చోట అదే తీగ రేకుకు తగిలి ఇంజను ఆగింది. ఆ తీగను కాయిల్ దగ్గరే పీకేస్తే ఇంజను లేచింది.

గేటు చేరేసరికి నాలుగున్నర. మెడ నిండా దండలతో బావ ఒక్కడే నిలబడి ఉన్నాడు. నెలాఖరు కదా, అదే రోజు రిటైరయ్యేవాళ్ళు ఇంకా ఉన్నారు. డప్పులవాళ్ళు మరొకరి ఇంటికి వెళ్ళిపోయారట. జీపు ఎక్కమన్న జతగాళ్ళను కూడా, "బామ్మర్ది వచ్చేసిండు, కార్ల వస్త" అని బావే పంపించేశాడట. ఇదంతా గేటు దగ్గరి కాపలాదారు చెప్పాడు. బావ దండలు సర్దుకుని కారెక్కాడు.

"రోడ్డు మీద జామైందా బామ్మర్దీ?" అని మాత్రం అడిగాడు. నేను తల ఊపాను.

క్వార్టరు ముందు అక్క హారతి పళ్ళెంతో ఎదురొచ్చింది. "డప్పులేవి?" అంది.

"నేనే వద్దన్న. చెవులు పోతున్నయ్," అన్నాడు బావ. నేను తలెత్తి అక్క మొహం చూడలేకపోయాను.

పొద్దుగూకే వేళ నేను బయలుదేరుతుంటే, పక్క లైనులో ఎవరివో డప్పులు మోగాయి. గుమ్మంలో ఉన్న బావ రెండడుగులు వేశాడు, చేతులు కూడా లేచాయి. నన్ను చూసి ఆగిపోయాడు.

"పైలంగ పో," అన్నాడు.

ఆ దారిన వెళ్ళేవారికి ఇబ్బందేమీ లేదు, రోడ్డు మంచిది. సుల్తానాబాద్ దగ్గర, వెనక్కి తిరిగి వెళ్ళి నిజం చెప్పేద్దామని కారు పక్కకు ఆపాను. బసంత్‌నగర్ నుంచి గేటుకు అరగంటే. బావకు తెలియనిదైతే కదా చెప్పడానికి. సిగ్గుతో అలాగే ఇల్లు చేరాను.