ఉప్పు గీకిన మా మామ

మా మామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను మదనపల్లె మార్కెట్ యార్డులో నా బండిలోంచి టమోటా క్రేట్లు దించిస్తున్నాను. నా నోట ముందుగా వచ్చింది ఏడుపు కాదు. "ఇంక ఆ ఉప్పు ఎవరు గీకేది?" అన్నాను. పక్కనున్న హమాలీ నన్ను వింతగా చూశాడు. మీరూ అలాగే చూస్తారు గనక మొదట్నుంచీ చెబుతాను.

మామ అంటే మా అమ్మకు అన్న. పుంగనూరులో సైన్సు చెప్పి రిటైరై, రామకుప్పం దగ్గర సొంతూరికి వెళ్లిపోయాడు. హాయిగా పేపరు చదువుకుంటూ కూర్చోవచ్చు కదా! ఊరి బయట గుట్ట అడుగున ఒక ఉప్పు ఊట ఉంది. వేసవిలో ఏరు సన్నబడ్డప్పుడు ఆ ఉప్పంతా ఏటిలో కలిసి, ఆ నీళ్లు పారే కింది పొలాల్లో టమోటా నారు మాడిపోయేది. మన ఖర్మ ఇంతే అని అందరూ ఊరుకున్నారు. ఈయన మాత్రం ఊరుకోలేదు.

ఊట నీళ్లను ఏటికి చేరకముందే పైపుతో మళ్లించి, లోతులేని సిమెంటు మళ్లలో ఎండబెట్టాడు. నీళ్లు ఆవిరైపోతే ఉప్పు అడుగున మిగిలేది. ఒక మడికి మాత్రం ఏటవాలుగా అద్దం మూత బిగించాడు. ఆవిరి అద్దానికి పట్టి, చుక్కచుక్కగా జారి, కింద పెట్టిన బిందెలో పడేది. అవి మంచినీళ్లు. సాయంత్రం ఆ బిందె భుజానికెత్తుకొని వెళ్లి ఏట్లో పోసి వచ్చేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒకసారి మండుటెండలో బండి నడుపుకుంటూ వెళ్లి ఆ బిందెలో గ్లాసు ముంచబోయాను. మామ చెయ్యి పట్టుకున్నాడు.

"అవి ఏటి నీళ్లప్పా. ఇంట్లో కుండలో ఉండాయి, పోయి తాగు."

"ఒక్క బిందె పోస్తే ఏరు తియ్యగయిపోతాదా మామా?"

"ఏటికి పోయేవాటిని మనం ఆపుకోనుండాము. మంచియి చేసి మళ్లా దానికే ఇయ్యాల. గ్లాసు ఆడ పెట్టు."

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం?

గీకిన ఉప్పు తోళ్లు ఊరబెట్టేవాళ్లకు పంపేవాడు. ఎవరి బండిలో అనుకున్నారు? నా బండిలోనే. "కుప్పం దిక్కు ఖాళీగానే పోతాండావు గదప్పా" అంటూ నన్నడక్కుండానే మూటలు వేయించేవాడు. బండి అడుగంతా తుప్పు పట్టింది. ఆ మాటంటే "పెయింటు ఏపిచ్చుకో" అనేవాడు. అంత ఉప్పు మధ్య బతికిన మనిషి ఇంట్లో కూర మాత్రం ఎప్పుడూ చప్పగానే ఉండేది. అయినా ఒకటి ఒప్పుకోవాలి. నారు మాడడం తగ్గింది. ఇప్పుడు నా బండి నిండేది ఆ పొలాల టమోటాతోనే.

మామ ఊరికి అడవి దగ్గర. ఉప్పు జాడ తెలిసి ఒక రాత్రి ఏనుగులు వచ్చాయి. మళ్లలో ఉప్పు నాకి, అద్దం తొక్కి, పోతూ పోతూ పక్కనే ఉన్న ఒక అవ్వ రాగిచేనంతా మేసిపోయాయి. అవ్వ ఊరందరి ముందూ మామను నిలదీసింది.

"సారూ, నీ ఉప్పు కోసరమే వస్తాండాయి ఏనుగులు. నువ్వు ఈ మళ్లు పగలగొడ్తావా, నన్ను పగలగొట్టమంటావా?"

"పొద్దు గుంకేలోగా ఉప్పు కనపడకుండా గీకేస్తానమ్మా. ఒక్కనాడు మిగిలినా నువ్వు గడ్డపార తెచ్చుకో" అన్నాడు మామ.

పగిలిన అద్దం మార్చాడు. అప్పటినుంచీ జ్వరమొచ్చినా, వానొచ్చేట్టున్నా గీకుడే. నా పెళ్లిలో అక్షింతలు వేసి, భోజనానికైనా ఆగకుండా బస్సెక్కేశాడు. ఆ కోపం నాకు ఈరోజుకీ పోలేదు. ఇప్పుడు ఎవరి మీద చూపించాలి?

ఆరోజు దహనం ముగిసేసరికి పొద్దు వాలుతోంది. బంధువులంతా స్నానాలకు వెళ్లారు. నాకు ఉప్పు గుర్తొచ్చి ఊట దగ్గరికి పరుగెత్తాను. మళ్ల దగ్గర అవ్వ వంగి కనిపించింది. అన్నంత పనీ చేస్తోందనుకున్నాను.

దగ్గరికి వెళ్తే ఆమె చేతిలో గడ్డపార లేదు. కొబ్బరిచిప్ప ఉంది. ఉప్పు గీకుతోంది.

"సచ్చి గూడా నాకు పని పెట్టినాడు ముసిలోడు! ఎండ కాసే దినం సూసుకోని మరీ పోయినాడు."

"నీకు యాలవ్వా ఇదంతా?"

"ఏనుగులొస్తే మేసేది నీ బండినా, నా చేనునా? ఈ ఉప్పు ఏట్లో కలిస్తే ఊరోళ్ల నారు ఏం గావాల? సూస్తా నిలబడకుండా మూట పట్టు."

పట్టాను. మళ్లన్నీ శుభ్రమయ్యేసరికి గొంతు ఎండిపోయింది. అద్దం కింద బిందె నిండి ఉంది. ఏమీ ఆలోచించకుండా దోసిలి ముంచబోయాను. అవ్వ నా చేతి మీద ఒక్కటేసింది.

"అయి ఏటి నీళ్లు."

పొద్దుట్నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. అవ్వ నా వైపు చూడనైనా లేదు. బిందె చంకనెత్తుకొని, మామను తిట్టుకుంటూనే ఏట్లోకి దిగింది. మోకాళ్ల లోతుకు వెళ్లి, తిట్లాపి, బిందె మెల్లగా వంచింది.