రెండో వైపు వినని క్యాసెట్

మొన్న ఆదివారం మా మనవరాలూ దాని స్నేహితురాలూ నా మంచం మీదే కూర్చుని, ఒకే ఫోనులోకి రెండు తలలూ దూర్చి, మంచు మీద జారుతూ నాట్యం చేసే ఒక అమ్మాయి గురించి గంటసేపు పోట్లాడుకున్నారు. ఆమె కిందటేడు ఎందుకు పడిందో, మోకాలి ఆపరేషన్ తర్వాత వచ్చే సీజన్‌లో నిలబడుతుందో లేదో, ఆమెను చూసి ఎంతమంది పిల్లలు ఆ ఆట మొదలుపెట్టారో, వాళ్ల దగ్గర లేని వివరం లేదు. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నవ్వుకుంటున్నాను. ఇంతలో మనవరాలు ఒక సాధన వీడియో పెట్టింది. అందులో పాట లేదు, వ్యాఖ్యానం లేదు, మంచు మీద ఆ అమ్మాయి బూట్ల ఇనుప అంచుల చప్పుడు ఒక్కటే ఉంది. నా చేతులు ఆగిపోయాయి. ఆపమని అరిచానట, పిల్లలిద్దరూ బెదిరిపోయారు. వాళ్లకు చెప్పినా అర్థం కాదు గాని, టేప్ రికార్డర్ మీద రెండు మీటలు కలిపి నొక్కిన నా ఈడు వాళ్లకు చెప్పుకోవచ్చు.

మాది ఎల్లారెడ్డి. ఆ రోజుల్లో నేను పొద్దున్నే బస్సెక్కి కామారెడ్డి పోయి, ఒక టైపింగ్ సెంటర్‌లో పిల్లలకు నేర్పి, పొద్దుగూకేసరికి ఇల్లు చేరేదాన్ని. బాపు నా చిన్నప్పుడే పోయాడు, ఇంట్లో మా అమ్మ, అంటే అవ్వ, నేనూ. అన్న కువైట్‌లో ఉండేవాడు. మా దిక్కు నుంచి పోయినవాళ్లంతా ఎండలో ఇటుకలు మోస్తుంటే, మా అన్నకు మాత్రం ఒక మంచు మైదానంలో నౌకరీ దొరికింది. పెద్ద హాలు కట్టి, లోపల నీళ్లు గడ్డకట్టించి, దాని మీద జనం జారి ఆడేవారట. వాళ్లు ఆడి పోయాక ఆ గీతలన్నీ గీకి, పైన పలచగా నీళ్లు పోసి, మళ్లీ అద్దంలా చేయడం అన్న పని. అవ్వ ఎంతకూ నమ్మేది కాదు. "మంచు మీద నీళ్లు వోసుడు గూడ ఒక నౌకరేనా బిడ్డా, వాడు మనకు చెప్పలేక గట్లంటుండు" అని కళ్లొత్తుకునేది.

అవ్వకు చదువు రాదు కాబట్టి మా ఇంట్లో ఉత్తరాల కంటే క్యాసెట్లే ఎక్కువ నడిచాయి. నిజానికి ఒకటే క్యాసెట్. మొదటి వైపు అన్న మాట్లాడి, సెలవు మీద వచ్చే మనిషి చేతికిచ్చేవాడు. రెండో వైపు మేం జవాబు నింపి, తిరిగి పోయే మనిషికిచ్చేవాళ్లం. మళ్లీ అన్న తన పాత మాటల మీదే కొత్త మాటలు నింపేవాడు. ఎవరి గొంతూ ఎవరి దగ్గరా మిగిలేది కాదు, అయినా మాకది లోటుగా తోచలేదు. టేప్ రికార్డర్ పక్కింటి తురక పిన్నిది, ఖాలా అని పిలిచేవాళ్లం. వాళ్లది గాజుల దుకాణం. ఆమె లేకుండా క్యాసెట్ పెట్టడమనేది మా ఇంట్లో జరగలేదు.

అన్న నింపి పంపే మాటల్లో సగం మంచు దొరసాని ముచ్చట్లే. అసలు పేరు అన్నకు నోరు తిరగక ఆ పేరు పెట్టాడు. చలిదేశపు పిల్ల, ఆ మైదానంలో పిల్లలకు నేర్పే పని మీద ఉండేది, చలికాలం వస్తే పోటీలకు తన దేశం పోయేది. చిన్నప్పుడు గడ్డకట్టిన చెరువు మీద నేర్చుకుందనీ, పన్నెండో ఏట పడి పన్ను విరగ్గొట్టుకుందనీ, ఒక పెద్ద పోటీలో వెంట్రుకవాసిలో మొదటి స్థానం తప్పిందనీ అన్న చెబుతుంటే మేం ముగ్గురం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. ఆమె ఒంటికాలి మీద నిలబడిన ఫొటో ఒకటి పంపితే అద్దం మూలకు గుచ్చాను. అక్కడి అరబ్బు పిల్లలు ఆమెలాగే నడినెత్తిన జుట్టు కడుతున్నారని విని నేనూ కట్టుకు పోయాను, వారం తిరక్కుండా మా టైపింగ్ సెంటర్‌లో ఆరుగురు అలాగే వచ్చారు. కామారెడ్డిలో మంచు దొరసాని ప్రభావం అంతవరకు వచ్చిందని ఆమెకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. సీజన్ అంటే అవ్వకు చెరుకు గానుగాడే సీజన్ ఒక్కటే తెలుసు. "మరి కాలు వాచినప్పుడు ఈ సీజన్‌కు ఇంట్ల ఉండరాదా, బెల్లం కారిపోతదా?" అని ఆమె బాధ.

అన్న దగ్గర నుంచి క్యాసెట్ చివరిసారి 1990 ఎండాకాలం దాటాక, జూలైలో వచ్చింది. సెలవు ముగిసేదాకా ఆగి దాన్ని తెచ్చిన బిచ్కుంద ఊరి మనిషి ఆ సాయంత్రమే తిరుగు ప్రయాణానికి బొంబాయి పోతున్నానని, గంటలో జవాబు ఇమ్మని బస్టాండు దగ్గర కూర్చున్నాడు. గబగబా పెట్టాం. దొరసాని వచ్చే చలికాలంలో చివరిసారి పోటీకి దిగుతోందట, అందుకోసం గాలిలో మూడు చుట్లు తిరిగే గెంతు పొద్దున్నే ఎవరూ రాకముందు సాధన చేస్తోందట, పదిసార్లు ఎగిరితే ఏడుసార్లు పడుతోందట. ఆ తర్వాత అన్న, "అవ్వా, ఇగ నువ్వు లేశి పని సూస్కో పో. చెల్లెతోని నాకు జర..." అన్నాడు, టేపు అయిపోయి టక్కున ఆగింది. "నన్ను ఎల్లగొడుతుండు సూడు" అని అవ్వ నవ్వింది. అన్న ఎప్పుడూ రెండో వైపు ముట్టుకోడు, టేపు అయిపోతే అక్కడితో వదిలేశాడనుకున్నాం. ఒకసారి తిప్పి వినాలని నాకు తట్టకపోలేదు. కానీ దొరసాని నిలుస్తుందని నా వాదం, పడుతుందని ఖాలా వాదం, ఆ మాట ముందు అన్న చెవిన వేయాలన్న ఆత్రం నాది. క్యాసెట్ తిప్పి, రికార్డు చేసే రెండు మీటలూ కలిపి నొక్కాను. ముగ్గురం నవ్వుతూ అరుచుకుంటూ రెండో వైపు చాలావరకు నింపేశాం.

బిచ్కుంద మనిషి ప్రయాణం బొంబాయిలో ఏవో కాగితాల వల్ల ఆగింది. ఇంతలో ఆగస్టు వచ్చింది, కువైట్‌లోకి ఇరాక్ సైన్యం దిగిందని రేడియో చెప్పింది.

ఆ వారం మా వాడకట్టులో పొయ్యి సరిగా వెలిగించిన ఇల్లు లేదు. ఉత్తరం లేదు, ఫోను లేదు. క్యాసెట్ మాత్రం బిచ్కుంద మనిషి చేతిలో తిరిగి మా గడపలోకే వచ్చింది. అవ్వ రోజూ మొదటి వైపు పెట్టించుకుని, కొడుకు గొంతు వింటూ, ఆ పెట్టె మీద చేయి వేసుకుని కూర్చునేది. టేపు చుట్టుకుని తెగిపోతుందేమోనని నేను ఊపిరి బిగబట్టేదాన్ని. ఒకరోజు అవ్వ రేషను దుకాణానికి పోయినప్పుడు, ఖాలా ఊరికే రెండో వైపు పెట్టింది. మా నవ్వులు, మా వాదం, "వచ్చే సీజన్‌కు జూడుండ్రి" అనే నా గొంతు. అది అయిపోయాక టక్కుమని చప్పుడై, ఉన్నట్టుండి అన్న మాట్లాడాడు.

"...గిది అవ్వకు మాత్రం చెప్పకు చెల్లె, ఇంటె ఆమె గుండె పలుగుతది. నీకొక్కదానికే చెప్తున్న, మనసుల వెట్టుకో."

అంతే, టేపు అయిపోయింది. ఖాలా నా చేయి పట్టుకుంది. "యా అల్లా, మనమే తుడిచినం బేటీ" అంది. ఏం చెప్పాడు? ఏదైనా జబ్బా? జైలా? యుద్ధం వస్తుందని ముందే తెలిసి, ఎక్కడ దాక్కుంటాడో ఆ చోటు చెప్పాడా? ఆ చివరి ఊహే నన్ను తినేసింది. ఆ చోటు తెలిసి ఉంటే సర్కారుకు పెట్టిన అర్జీలో రాసేవాళ్లం కదా, ఎవరో ఒకరు వెతికేవారు కదా. అన్న గొంతు మీద నా నవ్వు పోసి పూడ్చాను. కామారెడ్డి స్టేషనులో దిగే ప్రతి గల్ఫు మనిషి ముందూ నిలబడి అన్న పేరు అడిగేదాన్ని, తెలియదంటే భయం, తెలుసంటే ఏం చెబుతాడోనని ఇంకా భయం. ఇంటికొచ్చి అవ్వ ముఖం చూడలేకపోయేదాన్ని. రెండు నెలలు అలా బతికాను.

అక్టోబరులో, వస్తున్నానని అన్న బొంబాయి నుంచి ఇచ్చిన టెలిగ్రాం వచ్చింది. అవ్వను వంట దగ్గర ఉంచి స్టేషనుకు నేనే పోయాను. అన్న చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి తప్ప ఏమీ లేదు, మనిషి సగమయ్యాడు. ఎడమ మణికట్టు వంకరగా ఉంది. ఎల్లారెడ్డి బస్సులో కూర్చున్నాక, చేయి ఏమైందన్నా అని అడిగాను.

"టేపుల చెప్పిన గద. ఆమె బూట్లు తొడిగి మంచు మీద నిలవెట్టింది, ధబ్బున వడ్డ. అవ్వకు చెప్పలేదు గద?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడు అన్న ముఖం వెలిగింది. "సరే గని, ఆమె మంచు మీద జారే సప్పుడు ఎట్లున్నది? పొద్దుగాల టేపు వెట్టి, నీ కోసమే పట్టిన. ఫొటోల సప్పుడు ఇనరాదు గదా అని."

దొరసాని యుద్ధానికి వారం ముందే సెలవు మీద తన దేశం పోయిందట, ఆ తర్వాత సంగతి తెలియదు. అన్న టేప్ రికార్డరు, సామాను, జీతం అన్నీ అక్కడే పోయాయి. ఆయన దగ్గర నుంచి ఇంటికి చేరినది ఆ చప్పుడు ఒక్కటే అనుకుంటున్నాడు. తుడిచేశామన్న మాట నా నోట రాలేదు. "ఇన్న అన్నా. చాటల వడ్లు చెరిగినట్టున్నది" అన్నాను.

అన్న కాసేపు కిటికీ బయటికి చూసి, "అవ్ చెల్లె, అచ్చం గట్లనే ఉంటది" అన్నాడు.

అన్న మళ్లీ గల్ఫు పోలేదు. కామారెడ్డిలో బెల్లం మండీలో గుమాస్తాగా కుదిరాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి మేం నలుగురం దొరసాని ఆ చలికాలం దిగిందా, మూడు చుట్లు తిరిగిందా అని వాదించుకున్నాం. కొత్తవాళ్లెవరైనా కూర్చుంటే అన్న కథంతా చెప్పి, చప్పుడు సంగతి చెల్లెను అడగమనేవాడు. ప్రతిసారీ చాటలో వడ్లు అనేదాన్ని, ప్రతిసారీ అన్న తలూపేవాడు. టీవీలో ఆ ఆట ఎప్పుడొచ్చినా చప్పుడు పాట మాటునే ఉండేది, అయినా నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. ఖాలా పోయింది, అవ్వ పోయింది. మూడేళ్ల కింద అన్నా పోయాడు.

మొన్న పిల్లలు బయటికి పోబోతుంటే పిలిచి, ఆ వీడియో మళ్లీ పెట్టమన్నాను. కళ్లు మూసుకుని విన్నాను. చాటలో వడ్లలా లేనే లేదు. బట్టల దుకాణంలో కొత్త గుడ్డను ఒక్క గుంజున పరపరా చింపినట్టుంది. రోజూ ఆ చప్పుడు పక్కనే బతికిన మనిషికి అది తెలియదా? ఆ బస్సులోనే, నా మొదటి మాటకే, నేను వినలేదని అన్నకు తెలిసిపోయింది. తెలిసీ ముప్పై ఏళ్లు అచ్చం అట్లనే అన్నాడు.

ఇప్పుడు ఒకరి గొంతు మీద ఇంకొకరి గొంతు పడే పని లేదు. మా మనవరాలి ఫోనులో అది చిన్నప్పుడు తుమ్మిన తుమ్ము కూడా భద్రంగా ఉంది. ఆ క్యాసెట్ మీద మాత్రం తర్వాత ఖాలా కూతురి పెళ్లిపాటలు నింపాం. అలా అన్న గొంతు నా దగ్గర ఎక్కడా మిగల్లేదు. నేను అబద్ధం ఆడానని చెప్పుకుందామంటే, వినడానికి ఆయనా లేడు.