పడమటి గోడ

ఆవిడకి కుర్చీలో కుదురుండదు. నక్షాల ఆఫీసులో అందరూ కూర్చుని గీస్తే ఆవిడ నిలబడి గీసేది, నాలుగు గీతలకోసారి అటూ ఇటూ తిరిగేది. ఎక్కడికెళ్లినా గాలి ఎటునుంచి వస్తుందో చూసేది కాబట్టి ఆఫీసులో ఆవిడని ‘గాలమ్మ’ అనేవారు.

ఊరికి చిన్న విమానాశ్రయం వస్తుందనగానే పెద్దసారు ఎక్కడిదో ఒక అద్దాల భవనం బొమ్మ తెచ్చి బల్లమీద పెట్టాడు. ఆవిడ ఒప్పుకోలేదు.

“ఈ ఎండకి అద్దాల్లో కూర్చోబెడితే జనం ఉడికిపోతారు సార్.”

రెండేళ్లు ఆయనతో పోట్లాడింది. చివరికి తన నక్షానే ఒప్పించింది. పెంకుల కప్పు, కిందికి దిగిన చూరు, కూర్చునే హాలుకి పడమటి వైపు నిండా జల్లెడలాంటి ఇటుక గోడ. ఆ ఊళ్లో సాయంత్రం గాలి పడమటి నుంచే వస్తుంది. ఇల్లు కట్టే ప్రతివాళ్లూ అటే తెరుస్తారు. ఆవిడా అలాగే తెరిచింది. ఆ కాగితం అడుగున తన పేరు చూసుకుని ఎంత మురిసిపోయిందో.

పునాదికి సున్నంతో గీతలు గీసిన రోజు చూడటానికెళ్లింది. హాలు గీతల మధ్య నిలబడితే గాలి హాయిగా తగిలింది. అప్పుడే అక్కడ ఎప్పటినుంచో ఉన్న పాత రన్‌వే మీద ఒక చిన్న విమానం ఇంజను స్టార్టు చేశారు. మరుక్షణం కిరసనాయిలు కంపు గుప్పుమంది. కళ్లు మండాయి. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అటు చూసింది. రేపు విమానాలు నిలబడేదీ పడమటనే. గాలి కోసం తెరిచిన గోడ పొగకీ తెరిచినట్టే.

రాత్రి కంచం ముందు చెయ్యి కదలడం లేదు.

“అన్నంలో గోడలు కడుతున్నావా?” అన్నాడు భర్త. ఆవిడ సంగతంతా చెప్పింది.

“ఎవరికీ తెలీదుగా. ఊరుకో.”

“చంటిపిల్లల్ని ఒళ్లో వేసుకుని కూర్చునేది అక్కడేనండీ.”

ఆవిడ మంచమెక్కినా ఒత్తిగిల్లుతూనే ఉంది. చెబితే ఆ అద్దాల బొమ్మ మళ్లీ బయటికొస్తుందని భయం. చెప్పకపోతే తనకి నిద్ర రాదు.

పొద్దున్నే పెద్దసారు గదిలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

“గాలి గాలి అని రెండేళ్లు నా ప్రాణం తోడేశావు కదమ్మా.”

“తప్పు నాదే సార్. పడమర మూసేసి తూర్పున తెరుద్దాం, గాలి తగ్గినా పొగ రాదు. అద్దాలు మాత్రం వద్దు.”

“సరే, అద్దాలొద్దు. కానీ నీ నక్షా ఒప్పుకున్న విమానాశ్రయం కమిటీ ముందు ఇంక నిన్ను నిలబెట్టలేను. పనిప్పుడు పక్క బల్ల ఆయన చూసుకుంటాడు.”

ఆవిడ అడగకూడదనుకుంటూనే అడిగింది. “ఆయనకి ఆ కప్పు లెక్కలు తెలీవు కద సార్?”

“తెలీవు. నువ్వే గీసివ్వు. పేరు ఆయనది ఉంటుంది.”

ఆవిడ బల్ల దగ్గరకొచ్చి స్కేలు విసిరికొట్టింది. కాసేపయ్యాక వంగి తీసుకుంది. సాయంత్రం దాకా గీసింది. జల్లెడ గోడంతా చెరిపి గట్టి గోడ పెట్టింది, తూర్పున తెరిచింది, పొద్దుటి ఎండ పడకుండా అటు చూరు ఇంకాస్త దించింది. అడుగున పేరు రాసే గడి ఖాళీగా వదిలి, కాగితం చుట్టి పక్క బల్ల మీద పెట్టింది.