పాస్ అనని బాబాయి

మా బాబాయికి నోరు తిరగని మాట లోకంలో ఒక్కటే ఉంది. అది ‘పాస్’.

బ్రిడ్జి ఆట ఎరగని వాళ్ల కోసం కాస్త చెప్పాలి. నలుగురు కూర్చుంటారు. ఎదురెదురుగా ఉన్న ఇద్దరూ ఒక జోడీ. ముక్కలు పంచాక ముందు వేలంపాట జరుగుతుంది. మేమిన్ని పట్లు పడతామని, అంటే ఇన్ని చుట్లు గెలుస్తామని ఒకరు పాడితే, మేమింకా ఎక్కువ పడతామని మరొకరు పాడతారు. చేతిలో సరుకు లేనివాడు ‘పాస్’ అని ఊరుకుంటాడు. పాట దక్కించుకున్నవాడు తన ముక్కలూ, తన జోడీ ముక్కలూ కూడా తనే ఆడతాడు. ఆ జోడీ తన ముక్కలు బల్ల మీద పరిచేసి, డమ్మీ అనే బిరుదు పుచ్చుకుని, హాయిగా టీ తాగుతూ కూర్చోవచ్చు. బాబాయి జోడీ ఒకప్పుడు గడియారాలు బాగుచేసిన పెద్దాయన. ఆయన తాగినంత టీ మా క్లబ్బులో ఇంకెవరూ తాగి ఉండరు.

ఎందుకంటే ప్రతి పాటా బాబాయే పాడేస్తాడు. ఎదుటివాళ్లు మూడంటే తను నాలుగంటాడు. వాళ్లు నాలుగంటే గొంతు సవరించుకుంటాడు. అందులోనూ ఎప్పుడూ ‘నో ట్రంప్’ పాటే, అంటే ఏ రంగూ తురుపు కాకుండా ఆడటం. అలా ఆడాలంటే నాలుగు రంగుల్లోనూ బలం ఉండాలి. బాబాయికి ఒక్కోసారి ఒక రంగులో అసలు ముక్కే ఉండదు. అయినా పెళ్లిపెద్దలా నిబ్బరంగా “నో ట్రంప్” అంటాడు. తర్వాత ఓడిపోతాడు. ఓడిపోవడంలోనూ ఆ నిబ్బరం చెక్కుచెదరదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. “బాబాయ్, నీ చేతిలో ఒక్క ఆసు తప్ప ఏమీ లేదు కదా, మూడు నో ట్రంప్ ఎలా పాడావు?”

“జోడీ మీద నమ్మకంరా.”

“ఆయన పాస్ అన్నారుగా.”

“అన్నారు. అన్న తీరు నువ్వు గమనించలేదు.”

“ఏం తీరు?”

“బలం ఉన్నవాడు అనే తీరు” అన్నాడు బాబాయి. పెద్దాయన చేతిలో ఆ పూట ఒక్క రాణి కూడా లేదని ఊరంతా చూసింది.

పోనీ మనిషికి అంచనా తెలియదా అంటే, ఆయన బతుకుతెరువే అంచనా. బీమా కంపెనీ తరఫున గుద్దుకున్న కార్లకి నష్టం లెక్క కడతాడు. బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, ఈ సొట్ట నిన్నటిది, ఆ సొట్ట పోయినేడాదిది అని తేల్చేస్తాడు. యజమాని చెప్పిందాని కంటే చెప్పకుండా వదిలేసిందే ఎక్కువ వింటాడు. “బ్రేకు గురించి అంత చెప్పాడు కదా, హారన్ కొట్టానని ఒక్క మాట అనలేదు చూశావా? ఆ చేతిలో ఫోను ఉందన్నమాట” అంటాడు. నిజంగానే ఉంటుంది.

ఇంట్లో అయితే మరీను. “కొత్త కర్టెన్లు కొందామంటే గుడ్డని ఎండలో చూసి, నీడలో చూసి, ఉతికితే ఎంత కుంచించుకుపోతుందో లెక్కేసి, పాతవే నయం అంటారు. ఆ బల్ల ముందు కూర్చుంటే మాత్రం మహారాజావారు” అని పిన్ని మూతి తిప్పుతుంది.

మరో చాదస్తం కూడా ఉంది. పెద్దాయన డమ్మీగా ముక్కలు పరచగానే బాబాయి లేచి, బల్ల మీదకి వంగి, ఆ ముక్కలన్నీ మళ్లీ తన చేత్తో సర్దుతాడు. అవతలి జోడీ ఆవలిస్తూ కూర్చుంటుంది. “పెళ్లిచూపులా ఏమిటండీ, ఆడండి” అంటారు. బాబాయి వినిపించుకోడు.

మా క్లబ్బు సెక్రటరీ పళ్ల డాక్టరు. నోరు తెరుచుకుని ఉన్నవాళ్లతో మాట్లాడి మాట్లాడి, జవాబు కోసం ఆగే అలవాటు పోయింది. పక్క క్లబ్బుతో పోటీలు దగ్గరపడుతున్నాయని ఆయన ఒకరోజు బాబాయిని నిలబెట్టి తీర్పు చెప్పాడు.

“మీ వల్ల ఆ పెద్దాయన పరువు పోతోందండీ. పాపం, ఆయన ముక్క పట్టుకుని ఎన్నాళ్లయిందో. జోడీలు మారుస్తున్నాను. ఆయన మీ అన్నగారి అబ్బాయితో కూర్చుంటారు. మిమ్మల్ని నేను తీసుకుని బాగుచేస్తాను. ఈ ఆదివారం చూస్తాను. ఎవరి ఆట కుదరకపోతే వాళ్లు పక్క గదికి వెళ్లాల్సిందే.”

పక్క గది అంటే పత్రికల గది. అందులో మెత్తటి కుర్చీలుంటాయి, పలకరించే మనిషి ఉండడు. ఆట చేతకాని వాళ్లని మా క్లబ్బు మర్యాదగా ఆ గదిలోకి పంపేస్తుంది. అక్కడికి వెళ్లినవాళ్లు కొన్నాళ్లకి క్లబ్బుకే రావడం మానేస్తారు. గడియారాల కొట్టు కూతురికి అప్పగించిన పెద్దాయనకి పొద్దున్నించీ సాయంత్రం ఎప్పుడవుతుందా అన్నదే ధ్యాస. ఆ సాయంత్రం ఈ బల్లే.

ఎన్నడూ గొంతు పెంచని బాబాయి ఆ రోజు పెంచాడు. “ఆయన నాతోనే ఆడతారు.”

“అలవాటైన డమ్మీని ఎవరు మాత్రం వదులుకుంటారు లెండి” అని డాక్టరు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆదివారం నేనూ పెద్దాయనా ఒక జోడీ, బాబాయీ డాక్టరూ ఒక జోడీగా కూర్చున్నాం. మొదటి పాట డాక్టరు దక్కించుకున్నాడు. చాలాకాలానికి పెద్దాయన తన ముక్కలు తనే ఆడాల్సి వచ్చింది. ముక్కల్ని ముక్కు దాకా తెచ్చుకుని చూస్తున్నారు. డాక్టరు ఆఠీను దింపాడు. పెద్దాయన డైమను వేశారు. ఆట నియమం ప్రకారం ఆఠీను ఉంటే ఆఠీనే వెయ్యాలి.

“మీకు ఆఠీను లేదాండీ?” అని డాక్టరు అడిగాడు.

“లేదు” అన్నారు పెద్దాయన గట్టిగా. రెండు పట్లు గడిచాక అదే చేత్తో ఆఠీను రాణిని బల్ల మీద పెట్టారు.

డాక్టరు కనుబొమలు పైకి వెళ్తుండగానే బాబాయి టీ కప్పు బల్ల మీద బోర్లా పడింది. రాజులూ రాణులూ అందరూ తడిసిపోయారు. “చెయ్యి తగిలింది” అన్నాడు బాబాయి. ఎన్నడూ చొక్కా మీద చుక్క పడనివ్వని మనిషి. ఆ ఆట రద్దయింది.

కొత్త పేక తెచ్చి పంచాం. నాది ముందు పాట. చెయ్యి మరీ గొప్పగా లేదు, అయినా ఒక ఇస్పేటు పాడాను. తర్వాతి వంతు బాబాయిది. ముక్కల వంక చూశాడు. పెద్దాయన వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“పాస్.”

పక్క బల్లవాళ్లు ఆట ఆపి తిరిగారు. “చూశారా? ఒక్క పూటలో కుదిర్చాను” అని డాక్టరు అందరికీ వినబడేలా అన్నాడు. ఆ ఊపులో తనూ పాస్ అన్నాడు. అంతకుముందే పెద్దాయనా అన్నారు. పాట నాకే దక్కింది.

ఆట మొదలయ్యాక చూద్దును కదా, బాబాయి చేతిలోంచి ఒక ఆసు వచ్చింది. దాని వెనక రాజు. ఆ వెనక ఇంకో ఆసు. ఇంకో ఆసు. డాక్టరు ముఖంలో రంగులు మారుతున్నాయి.

“ఇన్ని ఆసులు పెట్టుకుని పాస్ అంటారాండీ?”

“మీరు నేర్పిందే కదా” అన్నాడు బాబాయి వినయంగా. తర్వాత నా వైపు తిరిగి, “ఒరేయ్, నీ డమ్మీ ముక్కలు ఒకసారి సర్దుకోరా. వరస బాలేదు” అన్నాడు.

సర్దుకోబోయి చూశాను. ఆఠీన్ల వరసలో రెండు డైమన్లున్నాయి. ఇస్పేట్లలో ఒక కళావరు దూరింది.

నిండు చెయ్యి పెట్టుకున్న మనిషి ఎందుకు నోరు మూసుకున్నాడు? తను పాడితే తన జోడీ ఆడుతుంది. తన జోడీ ఆడితే పెద్దాయన ముక్కలు వెయ్యాలి. నేను ఆడితే పెద్దాయన డమ్మీ. అంతే లెక్క. అప్పుడు మిగతావన్నీ వాటంతటవే తేటపడ్డాయి. పాట ఎందుకు వదలడో, ముక్కలు ఎందుకు సర్దుతాడో. పెద్దాయన ఎర్ర రంగు పాడితే అది ఆఠీనో డైమనో ఆయనకే రూఢిగా తెలియనప్పుడు, ఏ రంగుతోనూ పని లేని నో ట్రంప్ ఒక్కటే దారి. ఇన్నేళ్లూ మేం నవ్వింది ఈ మనిషిని చూసా అనిపించింది.

తర్వాతి పాట నుంచి నేనూ వదల్లేదు. చేతిలో ఒక జాకీ ఉన్నా పాడాను, అది లేకపోయినా పాడాను. డాక్టరు మూడంటే నాలుగన్నాను. ఘోరంగా ఓడాను. పెద్దాయన కమ్మగా టీ తాగారు. బాబాయి మాత్రం వరసగా పాస్ అంటూ, తల వంచుకుని, మీసాల్లో నవ్వుకుంటూ కూర్చున్నాడు.

చివరికి డాక్టరు పేక బల్ల మీద పడేశాడు. “ఇది మీ ఇంటి రక్తంలోనే ఉందండీ. దీనికి మందు లేదు. ఇద్దర్నీ పక్క గదికి పంపితే ఇక్కడ ఆడేవాళ్లే మిగలరు. పోటీలకి ఇంకెవర్నైనా చూసుకుంటాను. మీరు మీ పాత జోడీల్లో మీ పాట్లు మీరు పడండి.”

బయటికి వస్తూ నెమ్మదిగా అడిగాను. “బాబాయ్, పెద్దాయనకి చూపు ఎప్పట్నించి...”

“ఎవరికి? ఏమైంది?” అన్నాడు బాబాయి. “నీ ఆట నువ్వు చూసుకో. ఆ చేత్తో నాలుగు నో ట్రంప్ పాడతాడట్రా ఎవడైనా?” అని స్కూటరు తీసుకుని వెళ్లిపోయాడు.

పెద్దాయన ఇల్లు మా వీధి చివరే. ఇద్దరం నడిచి బయల్దేరాం. కాస్త దూరం వెళ్లాక ఆయన గొంతు తగ్గించారు.

“మీ బాబాయికి ముక్కలు చేతిలో లేకపోతే తోచదు నాయనా. నాకు మాత్రం ఆడటం రాకనా? ఆయన సరదా ఎందుకు కాదనాలని ఇన్నాళ్లూ డమ్మీగా కూర్చుంటున్నాను. ఇవాళ చూస్తే నీకూ అదే పిచ్చి ఉంది. సరే, కుర్రాడివని నీకోసమూ కూర్చున్నాను. ఈ మాట ఆయనతో అనకేం, నొచ్చుకుంటాడు.”

“అననండీ” అన్నాను.

“ఇదిగో, ఇక్కడ మెట్లున్నాయి. నువ్వు చూసుకోకుండా నడుస్తావు. నా చెయ్యి పట్టుకో” అన్నారాయన.

పట్టుకున్నాను.